పీపాలవాడి ఇంటిపేరు

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. చిన్నప్పటి నుంచీ బడిలో, ఆసుపత్రిలో, రేషను దుకాణంలో దాన్ని అక్షరం అక్షరం విడదీసి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అది జర్మను పేరు. మేమేమో రంగూనులో, అహ్లోన్ బియ్యం మిల్లుల వెనక సందులో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం. మా ముఖాలు చూస్తే ఎవరికైనా శ్రీకాకుళం జిల్లా కనపడుతుంది. పేరు వింటే మాత్రం తెల్లవాళ్ళ కోసం వెనక్కి తిరిగి చూస్తారు.

బర్మావాళ్ళకి ఇంటిపేర్లు లేవు. మనిషికి ఒక పేరు, దాని ముందు మర్యాదకి మగవాళ్ళకైతే ఊ, కో, ఆడవాళ్ళకైతే డా, మా. అంతటితో సరి. ఆ దేశంలో పుట్టి కూడా ఆ సుఖం మాకు దక్కలేదు. ఏ ఆఫీసుకెళ్ళినా అక్కడి గుమాస్తా మా పేర్లలో చివరి ముక్క పట్టుకుని అదే అసలు పేరనుకునేవాడు. అలా నాన్న ఆ పేరుతో ఊ అయ్యాడు, తమ్ముడు అదే పేరుతో కో, నేను అదే పేరుతో మా. ఒకసారి రేషను దుకాణంవాడు ఇదంతా ఒకే మనిషి చేస్తున్న మోసమని తేల్చి మా వాటా బియ్యం ఆపేశాడు. దాన్ని మళ్ళీ తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పేరు మార్చేసుకుందామని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ నాన్న నావైపు మతం మార్చుకుంటానన్నదాన్ని చూసినట్టు చూసేవాడు.

నాన్న ఊరి నడిబొడ్డున, చౌక్తడాలో కోర్టు ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి దిగిపోయాడు. ఆయన తండ్రి, అంటే మా తాత, మిల్లు కూలీల మీద మేస్త్రి. తెలుగు చర్చిలో పెద్ద కూడా. మా వంశానికి మూలపురుషుడు ఒక జర్మను దొర అని నాన్నకి చెప్పింది తాతే. ఆ దొర ఎవరో, ఏం చేసేవాడో తాత ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. ఆ లోటు నాన్న తీర్చాడు. నా చిన్నప్పుడు ఆ దొర కొండల కింద మిషనులో పాదిరీ. నేను హైస్కూలుకి వచ్చేసరికి రైలు వంతెనలు కట్టే ఇంజనీరు. నేను ఒక లాయరుగారి దగ్గర టైపిస్టుగా చేరే నాటికి ఆయనకి రైను నది ఒడ్డున కోట కూడా ఉంది. క్రిస్మస్ క్రిస్మస్‌కీ ఆ దొరకి ప్రమోషను వచ్చేది.

కోర్టు లైబ్రరీలో ఉన్న లావుపాటి పాత పుస్తకాలన్నీ నాన్న తిరగేశాడు. వాటిలో చదివింది రాత్రి అన్నాల దగ్గర మాకు వడ్డించేవాడు. జర్మనులకి కూడా ఒకప్పుడు ఇంటిపేర్లు లేవట. ఊళ్ళో ఒకే పేరుగల వాళ్ళు నలుగురుంటే గుర్తుకోసం ఒకణ్ణి చేసే పనిని బట్టి, ఒకణ్ణి ఇంటి పక్క వాగుని బట్టి, ఒకణ్ణి వలస వచ్చిన ఊరిని బట్టి పిలిచేవారట. పిలవగా పిలవగా ఆ పిలుపు ఇంటికి అతుక్కుపోయిందట. తండ్రి కమ్మరి అయితే కొడుకు బట్టలు కుట్టుకుని బతికినా కమ్మరి పేరు వదిలేది కాదట. ఇదంతా బాగానే ఉంది, వినడానికి నాకూ ఇష్టమే. కాని చివరికి ప్రతిసారీ మా పేరు మాత్రం పని మీదా రాలేదు, వాగు మీదా రాలేదు, కోట మీద వచ్చిందని తేల్చేవాడు.

ఒకసారి ఆ ఆఫీసుకి ఏవో కాగితాల పనిమీద ఒక నిజం జర్మనువాడు వచ్చాడు. నాన్న వదులుతాడా? కుర్చీ వేసి, టీ తెప్పించి, పేరు అర్థం అడిగాడు. ఆ పెద్దమనిషి నవ్వి, పీపాలు చేసేవాడని చెప్పాడట. చెక్క పలకలు వంచి, ఇనప పట్టీలు బిగించి, సారాకీ ఉప్పుచేపలకీ పీపాలు చేసే వడ్రంగి. మా దేశంలో ఈ పేరువాళ్ళు వీధికొకరు ఉంటారని కూడా అన్నాడట. ఆ రోజుతో కోట కూలుతుందనుకున్నాను. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "రాజుగారి కోటలో ద్రాక్షసారాకి పీపాలు చేసీవోళ్ళట మనోళ్ళు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

నవ్వుకుని ఊరుకునేదాన్ని. ఆ పేరు నా పెళ్ళికి అడ్డం పడుతుందని అప్పటికి తెలియదు.

తన్లిన్ అనే ఊరు నదికి అవతలి ఒడ్డున ఉంది. అప్పటికి వంతెన లేదు, పడవ మీద వెళ్ళాలి. అక్కడి నూనెశుద్ధి కార్ఖానాలో పనిచేసే ఒకతను మా చర్చి క్రిస్మస్ పాటల బృందంలో పాడటానికి వచ్చాడు. గొంతు అంతంత మాత్రం. మనిషి మంచివాడు. వచ్చిన మొదటి రోజే పాదిరీగారు అతని పేరు పూర్తిగా పలికితే బృందమంతా నావైపు తిరిగి చూసింది. అతని ఇంటిపేరు కూడా అదే. రంగూను మొత్తంలో ఆ పేరు మాకే ఉందని నాన్న ఊదరగొట్టిన పేరు. మాకిద్దరికీ మొదట మాటలు కలిసిందే ఆ పేరు వల్ల పడిన పాట్లు చెప్పుకోవడంతో. అతని వాటా బియ్యం కూడా ఒకసారి ఆపేశారట.

రెండేళ్ళయ్యాక నాన్నకి చెప్పాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒకే ఇంటిపేరు. అన్నాసెల్లెళ్ళు అవుతారు. చర్చి సబలో తలెత్తుకోగలనేటి?"

"ఎవరికి ఎవరు అన్న? వాళ్ళెవరో మనకి తెలీదు, మనమెవరో వాళ్ళకి తెలీదు."

"పేరొకటే అంటే మూలపురుషుడొకడే. ఆ దొరకి ఇద్దరు కొడుకులుండొచ్చు. ఒకడి పిల్లలం మనం, ఇంకొకడి పిల్లలు ఆళ్ళు."

"జర్మనీలో ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోరా నాన్నా? వీధికొకరున్నారన్నావు కదా."

"మనం తెలుగోళ్ళం కదే" అన్నాడు.

గొప్పకి జర్మను, పెళ్ళికి తెలుగు. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగువాళ్ళలో ఒకే ఇంటిపేరుకి పెళ్ళి కుదరదని నాకూ తెలుసు. ఆ కట్టుబాటు పెట్టింది రక్తం ఒకటని. పీపాలు చేసుకునే వాళ్ళెవరిదో పేరు మోస్తున్న నల్లటి మనుషులం, మాకు ఏ రక్తం లెక్క? అటువైపు అతని తండ్రి కూడా అదే పాట పాడాడు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు చూడకుండానే ఒక మాట మీదకి వచ్చారు. నాన్న మాత్రం ఒక సందు వదిలాడు. జర్మనీకి ఉత్తరం రాస్తాడట. అక్కడి చర్చివాళ్ళు రెండు కొమ్మలూ ఏడు తరాల కిందటే విడిపోయాయని చెబితే అప్పుడు ఆలోచిస్తాడట.

ఇరవై ఏళ్ళకి పైగా తలుపులు మూసుకుని కూర్చున్న దేశం మాది. బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరం ఎవరో విప్పి చూసేవారు, లోపలికి వచ్చేవి వస్తే వచ్చేవి. నాన్న రాశాడు. జవాబు రాలేదు. మళ్ళీ రాశాడు. నాకు ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. అలా ఎదురుచూస్తూ ఉండగా పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వచ్చింది.

ఆ ఏడు వానాకాలంలో సైనిక ప్రభుత్వం దిగిపోవాలంటూ ఊరు ఊరంతా రోడ్డెక్కింది. విద్యార్థులు, సన్యాసులు, నర్సులు, ఆఖరికి కస్టమ్స్ గుమాస్తాలు కూడా. మా లాయరుగారి ఆఫీసు మూతపడింది. ఒకరోజు మా వీధి వాళ్ళతో నేనూ చౌక్తడా దాకా నడిచాను. గొంతు పోయేలా అరిచాను. బతుకులో మొదటిసారి నా పేరేమిటని ఎవరూ అడగలేదు. తర్వాత కాల్పులు. మా సందు చివర ఇంటి కుర్రాడు పొద్దున వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉండేది. అలాంటి రోజుల్లో నా పెళ్ళి గురించి ఏడవడానికి సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఏడ్చాను.

నాన్న మాత్రం పోస్టాఫీసు ఎప్పుడు తీస్తారని అడుగుతూ ఉండేవాడు.

కొన్నాళ్ళు ప్రభుత్వమే లేదు. ప్రతి సందుకీ వెదురు తడికలు అడ్డం కట్టి జనమే కాపలా కాశారు. అప్పుడే ఒక మధ్యాహ్నం తడిక దగ్గర గొడవ వినపడింది. వెళ్ళి చూస్తే అతను. పక్కన చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కాపలా కుర్రాళ్ళు ఎవరింటికని అడిగితే ఆవిడ మా ఇంటిపేరు చెప్పిందట. అదే పేరు అతనూ తన పేరుగా చెప్పాడు. ఏదో మోసం ఉందని వాళ్ళు పట్టుకున్నారు. ఆ పేరు అక్కడ కూడా మమ్మల్ని వదల్లేదు.

ఆవిడ అతని తండ్రికి తల్లి. సమ్మెతో కార్ఖానా మూతపడి మనవడు ఇంట్లో దిగాలుగా కూర్చుంటే, ఏమిటని నిలదీసి అడిగి, నా సంగతి తెలుసుకుందట. ఏ పిల్ల అని అడిగిందట. అహ్లోన్ మేస్త్రిగారి మనవరాలని చెప్పగానే పడవ మాట్లాడమందట. సంపాన్‌వాడు ఇలాంటి రోజుల్లో రానంటే, నువ్వు రాకపోతే తెడ్డు నాకియ్యమందట.

లోపలికి వచ్చి నాన్నని ఎగాదిగా చూసింది.

"అయ్య పోలికే. చెవి అలాగే రుద్దుకునీవోడు" అంది.

నాన్న చెవి మీంచి చెయ్యి తీసేశాడు. "మా నాన్న మీకు తెలుసా అమ్మా?"

"తెలకేటి? నా తమ్ముడు. నన్ను అప్పా అని పిలిచీవోడు."

నాన్న ముఖం వెలిగిపోయింది. రక్తసంబంధం బయటపడింది కదా, తన మాటే గెలిచింది. ఆ దొరగారు మీకు తండ్రా, తాతా అని ఆత్రంగా అడిగాడు. తమ్ముడంటే ఒకే కుటుంబం. ఇక నా పెళ్ళి లేదు.

ఆవిడ కుర్చీలో కూర్చుని చీర కొంగు పిండుకుంది. "దొరేటి నాయనా? దొరా లేడు, దొరసానీ లేదు. మేం దిక్కులేని పిల్లలం. కలరా ఒచ్చి మా ఊళ్ళకి ఊళ్ళే పోనాయి. పార్వతీపురం అవతల, కొండల కింద జర్మను పాదిరీల ఇల్లుండీది. ఆళ్ళు ఏరుకొచ్చినారు మమ్మల్ని."

పేరు ఎలా వచ్చిందో అప్పుడు చెప్పింది. ఆ పాదిరీల దేశంలో ఒక విధవరాలు ఉండేదట. పీపాలు చేసేవాడి పెళ్ళాం. మొగుడూ పోయాడు, ఉన్న ఒక్క కొడుకూ పోయాడు. ఆ పేరు నిలబెట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్లల తిండికీ బట్టకీ ఆవిడ డబ్బు పంపుతానంది, ఒక్కటే కోరింది. ఆ ఏడు పాదిరీల ఇంటికి వచ్చిన పిల్లలకి బాప్తిస్మంలో తన పేరు పెట్టమంది. ఎంతమంది వస్తే అంతమందికీ అదే పేరు పెట్టారు.

"సాయంకాలం పార్తనలో ఆయమ్మ పేరు చెప్పి దణ్ణం పెట్టీవోళ్ళం. మాకు ఆయమ్మే అమ్మ. ఎలగుంటాదో ఎవులికీ తెలీదు. నీ తండ్రికి అప్పటికి మాటలే రావు. నా సంకనెక్కి తిరిగీవోడు. ఆ ఇంట్లో మాకు సెప్పినారు, ఈ పేరున్నోళ్ళంతా తోడబుట్టినోళ్ళని. మేం అలాగే ఉన్నాం. అలాగే ఓడెక్కి ఈ దేశం ఒచ్చినాం."

నాన్నని చూస్తే నాకు జాలి వేసింది, దానికంటే ఎక్కువ విసుగేసింది. ఇంత కథా నదికి అవతలి ఒడ్డున కూర్చుని ఉంటే మేం జర్మనీకి ఉత్తరాలు రాశాం. ఇంటిపేరంటే మగవాడి వైపు నుంచి రావాలని అందరి లెక్క, కాబట్టి ముసలావిణ్ణి అడగాలని ఎవరికీ తట్టలేదు. అతనికి కూడా తట్టలేదు. ఆ మాట అతనితో తర్వాత చాలాసార్లు అన్నాను, ఇప్పటికీ అంటాను.

"మరి మీవాళ్ళకి ఈ పేరెలా వచ్చింది మామ్మా? మీ ఆయనది కూడా ఇదే పేరా?" అని నేనే అడిగాను.

"ఆయనది బీమునిపట్నం. బొట్టెట్టుకునీ మనిషి, బాప్తిసం తీసుకోలేదు. పిల్లలకి నా పేరే రాయించినాను. మా అమ్మ పేరు మరి, ఒగ్గీగలనా?"

అని నాన్న వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు సెప్పు. నేను నీ తండ్రికి అప్పని. నీకేటవుతాను?"

నాన్న చెయ్యి మళ్ళీ చెవి మీదకి వెళ్ళింది.

"మేనత్తని. నా కొడుకు నీకు బావ. మరి నా మనవడు నీ కూతురికేటవుతాడు?"

బావ అవుతాడు. అక్క సంతానం, తమ్ముడి సంతానం. అన్నాచెల్లెళ్ళు కావడం కాదు, మేనరికం. తెలుగువాళ్ళు ఏరికోరి చేసుకునే వరస. నేను అతని వైపు చూశాను. అతను ఇంకా లెక్క వేసుకుంటున్నాడు.

అయినా నాన్న ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కోట పోతుంది, రాజుగారి ద్రాక్షసారా పోతుంది, తన తండ్రి ఎవరూ లేని పిల్లాడైపోతాడు. "మా నాన్న నాకు ఎన్నడూ మీ మాట సెప్పలేదు" అన్నాడు, మర్యాదగానే.

"ఎలా సెప్తాడు? మేస్త్రి అయినాడు. దొర మనవణ్ణని సెప్పుకున్నాడు. నన్ను సూపిస్తే ఆ కత నిలస్తాదా? నా పెద్దోడికి అన్నం ముట్టించీనప్పుడు మేనమామ రావాలని ఈ ఊరొచ్చి పిలిసినాను. రాలేదు." ఆవిడ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. "రాలేదు గానీ ఏటేటా క్రిస్మస్‌కి పడవలో బియ్యం బస్తా ఒచ్చీది. ఎవులు పంపినారో సెప్పీవోళ్ళు కారు. మూతికి పసుపు తాడు కట్టుండీది. లోపల రవికెల గుడ్డ. అది సారె కాదేటి? ఆడపడుసుకి సారె ఎవులు పంపుతారు? తోడబుట్టినోడే పంపుతాడు."

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ బస్తా సంగతి నాకు తర్వాత అమ్మ చెప్పింది. చిన్నప్పుడు ఏటా దాన్ని రేవుకి మోయించి పడవలో వేయించింది నాన్నే. పసుపు తాడు ఎందుకని ఒకసారి తాతని అడిగాడట. చర్చిపెద్ద అయిన తాత తడుముకోకుండా, పసుపుంటే ఎలకలు దగ్గరికి రావని చెప్పాడట. నాన్న పెద్దయ్యాక కూడా మా ఇంట్లో బియ్యం డబ్బాలో పసుపు కొమ్ము వేయించేవాడు. ఎలకలు ఎప్పుడూ లెక్కచేయలేదు.

ముసలావిడ వెళ్ళిపోయింది. నాన్న ఔననలేదు, కాదనలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు. కేకలు వేసినా బాగుండేది, జవాబు చెప్పొచ్చు. అన్నం తిని, రేడియో దగ్గర కూర్చుని, అది ఏం చెబుతోందో కూడా వినకుండా ఉండేవాడు. ఇంతలో సైన్యం మళ్ళీ ఊరిని పట్టుకుంది. తడికలు పీకేశారు. కర్ఫ్యూ. పడవలు ఆగాయి. అతను బతికున్నాడో లేదో కూడా చాలా రోజులు తెలియలేదు. రోజుకోసారి నాన్న ఎదుట నిలబడి, "చెప్పు నాన్నా, ఔనో కాదో" అనేదాన్ని. చెవి రుద్దుకునేవాడు.

క్రిస్మస్ దగ్గర పడింది. బియ్యం బంగారమైంది. దుకాణాల ముందు వరసలు, సగం రోజులు ఉత్త చేతులతో తిరిగి రావడం. ఒక ఉదయం నాన్న తెల్లవారగానే వెళ్ళి, మిల్లులో పాత పరిచయాలున్న వాళ్ళందరినీ బతిమాలుకుని, అర బస్తా బియ్యం భుజాన మోసుకొచ్చాడు. జీవితంలో ఫైలు కంటే బరువైంది మోసిన మనిషి కాదు. వసారాలో దించి ఆయాసపడుతూ కూర్చున్నాడు. మాకు పండక్కి తెచ్చాడని నేను గిన్నె పట్టుకెళ్ళాను.

"ముట్టుకోకు" అన్నాడు.

అమ్మని అడిగి కొత్త రవికెల గుడ్డ తీసుకుని, మడత పెట్టి, బియ్యం మీద ఉంచాడు. తర్వాత గిన్నెలో పసుపు కలిపి దారం ముంచాడు. వేళ్ళన్నీ పచ్చగా అయ్యాయి. ఆ తాడుతో బస్తా మూతి కట్టాడు. ముడి సరిగ్గా పడక విప్పి మళ్ళీ కట్టాడు.

నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను.

"ఎవరికి నాన్నా?"

"మా మేనత్తకి" అన్నాడు, తలెత్తకుండా. "పన్నెండేళ్ళయింది నాన్న పోయి. ఎవుడూ పంపలేదు."

నేను పక్కన కూర్చుని తాడు కొస పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి పక్కకి నెట్టాడు.

"ఇది ఆవిడది. నీ సారె నీకు పెళ్ళయ్యాక పంపుతాను."